ముందు రేటు చెప్పమ్మా

హోసూరులో మా ఇంటి ఓనరుకు స్టీలు పాత్రల అంగడి ఉండేది. ఏం కొనాలన్నా ఆయన నోట ముందొచ్చే మాట ఒకటే: "రేటు చెప్పు."

కర్నూలు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చిన కొత్తలో నా కాలు విరిగితే ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కౌంటరులో అమ్మాయి "ఇన్సూరెన్స్ ఉందా సార్?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన గిన్నెను తట్టి చూసినట్టు కౌంటరును వేలితో తట్టి, "ముందు రేటు చెప్పమ్మా" అన్నాడు. చెప్పింది. నేను ఇన్సూరెన్స్ కార్డు తీయగానే ఆ రేటు ఒకటిన్నర రెట్లయింది.

"కట్టేది కంపెనీనే కదన్నా, పోనీండి" అన్నాను.

"కార్డులో ఉండే దుడ్డు ఏడాదంతటికీ కదప్పా! అంతా ఈడే ఊడ్చేస్తే రేపు నీ భార్య కాన్పుకు యాడ తెస్తావు?" అని కసిరి, అమ్మాయి వైపు తిరిగాడు. "జేబులో కార్డుంటే ఎముక పొడుగైపోతుందామ్మా?"

ఆమె నవ్వాపుకోలేక లోపలికెళ్లి, మొదటి రేటుకే ఒప్పించుకొచ్చింది.

నాలుగు నెలలకు అక్కడే మాకు పాప పుట్టింది. ఖర్చంతా కార్డులోనే సరిపోయింది. కాన్పు గది ఆయా పాపను తెచ్చి చూపించి, బక్షీసుగా వెయ్యి రూపాయలు అడిగింది. ఇక బేరం మొదలవుతుందనుకున్నాను. పక్కనే ఉన్న మా ఓనరు రెండు ఐదు వందల నోట్లు ఆమె చేతిలో పెట్టి, "ఇట్ల ఇయ్యమ్మా" అని పాపను అందుకున్నాడు.