సంతకాలక్క

మా ఆసుపత్రి లాండ్రీ నేలకింద గది. కిటికీ లేదు. బట్టలు ఉడికే ఆవిరికి మధ్యాహ్నానికల్లా ఊపిరాడదు. నడుమ అద్దం తలుపు. ఇటు రోగుల బట్టలుతికే మేం ఐదుగురం, అటు ఉతికినవి ఇస్త్రీ చేసే సంతకాలక్క. ఆ పేరు మేం పెట్టిందే.

ఆ మాయదారి జబ్బు రోజుల్లో మాకు రోజుకొక్క ప్లాస్టిక్ సూటు ఇచ్చేవాళ్లు. గ్లౌజు తీస్తే సూటు మొత్తం మార్చాలి. రెండోది ఎవడిస్తాడు? అందుకని హాజరు రిజిస్టర్లో అక్కే మా అందరి సంతకాలూ పెట్టేది, అద్దంలోంచి మా తలకాయలు లెక్కపెట్టుకుని మరీ. "నీకు వంకర సంతకమే పెడతానే, నీ బుద్ధికి సరిపోద్ది," అని నన్ను ఏడిపించేది. అప్పట్లో మమ్మల్ని దేవతలన్నారు. జబ్బుతోపాటే ఆ మాటా పోయింది.

ఇన్నాళ్లకి సర్కారుకి మేం గుర్తొచ్చాం. ఉన్నోళ్లకీ లేనోళ్లకీ తేడా తగ్గించాలట, ఆ రోజుల్లో చేసిన రోజుకూలీలని పర్మనెంట్ చేస్తారట. రుజువు ఆ రిజిస్టరే. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. జ్వరమొచ్చి పడుకున్నా జీతమొచ్చే ఉద్యోగం మా ఇంటావంటా లేదు.

రుజువులు చూడ్డానికొచ్చిన ఆఫీసరు రిజిస్టరు తిప్పి, "పేర్లు ఆరు, చెయ్యి ఒక్కటే. ఎవరిది?" అన్నాడు. "నాదే," అంది అక్క.

"అయితే మీ ఒక్కరికే ఉద్యోగం. వీళ్లూ పనిచేశారని మీరు రాసిస్తే వీళ్లకీ వస్తుంది. కానీ దొంగ సంతకాలు పెట్టానని మీరే కాగితంమీద ఒప్పుకున్నట్టవుతుంది గనక మీ పేరు కొట్టేస్తారు."

దొంగ అని తేల్చిన మనిషి మాటే మాకు సాక్ష్యమట! ఆయన మర్యాదగా చెప్పేసరికి నాకు ఇంకా ఒళ్లు మండింది.

"గ్లౌజు తీస్తే వీళ్లు చచ్చిపోయేవాళ్లు సార్," అంది అక్క.

"అది రాయడానికి ఈ ఫారంలో చోటు లేదమ్మా."

అక్క మొగుణ్ణి ఆ జబ్బే మింగింది. ఇంట్లో అత్త మంచం పట్టింది. అన్నీ తెలుసు నాకు. వద్దక్కా అనాలి. మా ఆయన పని ఊడి ఇంట్లో కూర్చున్నాడు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. అక్క నావైపు ఒక్కసారి చూసి కలం అందుకుంది.

మా ఐదుగురికీ ఉద్యోగాలొచ్చాయి. అక్క కూలీకే వస్తోంది, అదే ఇస్త్రీ బల్ల దగ్గరికి. నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది. అదే నన్ను చంపుతోంది. మానేద్దామనుకుంటాను, ఇల్లు గుర్తొస్తుంది, మళ్లీ ఆ ఆవిరిలోకే దిగుతాను.

మేం పర్మనెంటైన మొదటిరోజే కొత్త రిజిస్టరొచ్చింది. నా వంకర సంతకం నేనే పెట్టుకుని, అలవాటు కొద్దీ పుస్తకం అక్క ముందుకి జరిపాను. గుమాస్తా వెనక్కి లాక్కున్నాడు.

"కూలీలకి ఇకనుంచి సంతకం ఉండదమ్మా," అన్నాడు. "తలకాయలు లెక్కపెట్టుకుంటాం."