పీపీఆర్ అంటే ఎవుడప్పా?

దేవపాలుకు ఇంగ్లీషు పొడి అక్షరాలంటే మోజు. ప్రొద్దుటూరు పశువుల ల్యాబులో అటెండరు ఆయన. ఊళ్లనుంచి ఐసుపెట్టె మోసేదీ, ఫలితం ఊరికి చేర్చేదీ ఆయనే. పెళ్లాం దీవెనమ్మ తుమ్మినా "శాంపిల్ తీయాల్నా?" అంటాడు.

ఒక ఏడు ఎన్నికల ముందర, సింహాద్రిపురం దగ్గర ఒక పల్లెలో ఒక పార్టీ పెద్ద చెన్నకేశవ గొర్రెలు ముక్కులు కారి, కడుపు పారుకుని వరసగా పడిపోయాయి. ఎదుటి పార్టీవాళ్లే మేతలో మందు కలిపారని ఆయన మనుషులు కొడవళ్లు నూరారు. ల్యాబు మాట వచ్చేదాకా ఆగమని పశువుల డాక్టరు గడ్డం పట్టుకుని బతిమాలాడు. దేవపాలు గొర్రెల ముక్కుల్లో దూదిపుల్లలు తిప్పి, ఐసులో పెట్టి బస్సెక్కాడు. ల్యాబులో పరీక్ష చేస్తే గుంటల పలక మీద రంగు తేలింది. విషం కాదు, రోగమే. తలలు తెగకుండా ఆపే మాట తన నోట్లో ఉందని పొంగిపోతూ పల్లెకు తిరిగొచ్చాడు.

"మందూ లేదు, మాకూ లేదు. మీ గొర్రెల్ని సంపింది పీపీఆర్!"

చెన్నకేశవ తలగుడ్డ బిగించాడు. "నేను చెప్పలా? ఇప్పుడు ల్యాబే చెప్తాండాది. పాండ్రా!"

"యాడికి మామా?"

"పీపీఆర్ ఇంటికి!"

అప్పుడు వెలిగింది దేవపాలుకు. ఎదుటి పార్టీ నాయకుడు పెద్ద పుల్లారెడ్డి. ఆయన జీపు మీదా, ఊరి గోడల మీదా ఉండేది ఆ మూడు అక్షరాలే.

దేవపాలు దారికి అడ్డంగా చేతులు చాపాడు. కాళ్లు మాత్రం వెనక్కి పోతున్నాయి. "ఆయప్ప కాదు మామా! ఇది కంటికి అగపడని పురుగు!"

"నేనూ అదే అంటాండా, ఆయప్ప పురుగే!" అంది చెన్నకేశవ పెళ్లాం రామేశ్వరమ్మ.

ఇంగ్లీషు ఇక పనికిరాలేదు. జమ్మలమడుగులో కూలికి గొర్రెలు మేపిన నాయన మాటే నోటికొచ్చింది. "పారుడు రోగం! పారుడు రోగమప్పా! అది పార్టీ సూడదు. రాండి, రెడ్డి దొడ్డి గూడా సూద్దాం!"

"ఆ ముక్క ముందే ఏడ్సకూడదా?" అంది రామేశ్వరమ్మ.

వెళ్లి చూస్తే రెడ్డి గొర్రెలకూ ముక్కులు కారుతున్నాయి. చెన్నకేశవే మందు పెట్టాడని ఆయన మనుషులూ అక్కడ కొడవళ్లు నూరుతున్నారు. రెండు గుంపులూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి. ఎవరు ముందు నవ్వారో తెలియదు.

రోగం సోకని గొర్రెలకు టీకాలు వేసేరోజు పుల్లారెడ్డి గొర్రెను తానే పట్టుకుని అడిగాడు: "ఏం దేవపాలూ, పీపీఆర్‌కు సూది పొడుస్తాండారంట?"

"మీకు గాదులే రెడ్డీ, కదలాకండి!"

ఇప్పటికీ ఏ ఊరికి ఫలితం మోసుకెళ్లినా, దేవపాలు ముందు ఆ ఊరి గోడలు చదువుతాడు. ఆ తరవాతే నోరు తెరుస్తాడు.