చైనా భాషా సదస్సులో మా మేనత్త

బస్తర్‌లో చైనా భాష వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారని ఎవరైనా అడిగితే, నాకు తెలిసినంతవరకు నేనొక్కదాన్నే. గొప్పగా చెప్పుకోవలసిన సంగతేమీ కాదు. ఢిల్లీలో డిగ్రీకి దరఖాస్తు పెట్టినప్పుడు నేను కోరుకున్నది ఫ్రెంచి. మార్కులు చాలక చైనా భాషలో సీటిచ్చారు. తెలుగు సరిహద్దును ఆనుకున్న కొంటాలో మా నాన్న ఈ కబురు విని, "ఏదైతే ఏంది, చదివినంక ఉద్యోగం ఇస్తరా?" అని మాత్రం అడిగాడు. ఇస్తారన్నాను. అది అబద్ధమని అప్పటికి నాకూ తెలియదు. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక మేడమీది గదిలో అద్దెకుంటూ, ఎక్కడెక్కడో ఉన్న కంపెనీ ఉద్యోగులకు కంప్యూటర్‌ ముందు కూర్చుని పాఠాలు చెబుతుంటాను. నేను రోజూ సాయంత్రం ఎవరితోనో పోట్లాడుతున్నానని కింది వాటావాళ్లు చాలాకాలం అనుకున్నారట.

రెండేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయం నుంచి ఫోన్‌ వచ్చింది. చైనా భాషాబోధన, భాషాశాస్త్రం మీద జాతీయ సదస్సు పెడుతున్నారట, అదీ జగదల్‌పూర్‌లోనట. ఇన్ని ఊళ్లుండగా ఇక్కడెందుకని అడిగితే, బహుభాషా ప్రాంతంలోనే భాషాబోధన గురించి చర్చించాలన్నది తమ సంకల్పమని ఆ పెద్దమనిషి గంభీరంగా చెప్పాడు. ఒకరోజంతా నమ్మాను. మర్నాడు కార్యక్రమ పత్రం వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం ‘క్షేత్ర పర్యటన’ అని ఉంది. వానలు వెనకపట్టే రోజులు, ఊరికి దగ్గర్లోని జలపాతం నిండుగా దూకుతుంటుంది. సంకల్పం ఎంత లోతైనదో అప్పుడు అర్థమైంది.

నన్ను స్థానిక సమన్వయకర్తను చేశారు. స్టేషన్‌కు ఆటోలు పంపడం, ఉల్లిపాయ తిననివాళ్లెవరో కనుక్కోవడం, బ్యానర్‌ కొట్టించడం నా బాధ్యతలు. బ్యానర్‌ దుకాణం కంప్యూటర్‌లో చైనా లిపి లేదు. నేనిచ్చిన ఫైలు తెరిచేసరికి అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలుగా కనబడ్డాయి. చైనా అక్షరాలంటే అలాగే ఉంటాయి కాబోలనుకుని, ఆ దుకాణదారు డబ్బాలనే శ్రద్ధగా అచ్చువేశాడు. నేను చూసేసరికి బ్యానర్‌ హోటల్‌ హాల్లో వేదిక వెనక కట్టేసి ఉంది. పైన హిందీ, కింద ఇంగ్లీషు, మధ్యలో ఎర్రరంగులో వరసగా డబ్బాలు. ఎవరు మొదట గుర్తుపడతారా అని చూస్తూ కూర్చున్నాను. దీపం వెలిగించారు, ఉపన్యాసాలిచ్చారు, దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఆ లిపి చదవడమే బతుకుతెరువైన ముప్పైమంది అక్కడున్నారు. ఒక్కరూ పట్టించుకోలేదు. టీ దగ్గర ఒకావిడ మాత్రం, డిజైన్‌ బాగుంది, ఎవరు చేశారని అడిగింది.

ఈ హడావిడిలో నాతోపాటు మా మేనత్త కూడా ఉంది. కొంటా పక్కన పల్లెలో ఉంటుంది. అంతకు నాలుగు రోజుల ముందే జగదల్‌పూర్‌లో ఆమెకు కంటిశుక్లం తీశారు. మూడు గంటలకోసారి చుక్కలు వేయాలి, కాబట్టి గదిలో వదిలి రావడానికి లేదు. నల్లకళ్లద్దాలతో తీసుకొచ్చి, మెత్తగా ఉంటుందని ముందు వరసలోని సోఫాలో కూర్చోబెట్టాను. ముందు వరసలో ఉన్న వాళ్లందరికీ పూలగుత్తులు ఇచ్చుకుంటూ వచ్చిన అమ్మాయి ఆమెకూ ఒకటిచ్చింది. శాలువా కూడా కప్పింది. అత్త కాదనలేదు. పక్కసీట్లోని లెక్చరర్‌ ఒకతను వంగి ఆమెకు నమస్కారం పెట్టి, మేడం ఎవరని నన్ను అడిగాడు. ఊరినుంచి వచ్చిన చుట్టమని ఇంగ్లీషులో గొణిగి పక్కకు తప్పుకున్నాను. ఇంగ్లీషు రాకపోయినా, నేను దేన్నో దాచేస్తున్నానని అత్తకు తెలిసిపోయింది. శాలువా సర్దుకుంది.

మొదటి రోజు ముఖ్యోపన్యాసం ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పెద్ద ప్రొఫెసర్‌ది. మోకాలికి పట్టీ కట్టుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చాడు. చైనా భాషలో ఒకే మాటను నాలుగు రాగాల్లో పలికితే నాలుగు అర్థాలు వస్తాయి. ఒక వయసు దాటాక మనిషి చెవి ఆ తేడాను పట్టలేదని, నోరు పలకలేదని ఆయన సిద్ధాంతం. హిందీలో గంటసేపు చెప్పాడు. అత్తకు హిందీ బాగా వచ్చు, ఓపిగ్గా విని నా చెవిలో మెల్లగా అడిగింది.

"పెద్దోళ్లకు కొత్త భాష రాదంటాండా?"

"మాటలొస్తయి గని సరిగ్గా పలకలేరంటున్నాడు, అత్తా."

"ఆయనకు రాలేదేమో."

ఆమె ఆ మాట అనడానికి కారణముంది. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లీ, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ ఆమెకు మొదటినుంచీ ఉన్నవే. గోండీ మాత్రం నలభై అయిదేళ్లు దాటాక నేర్చుకుంది. కూతురు బాసగూడ దగ్గరి అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. వియ్యపురాలికి గోండీ తప్ప మరొకటి రాదు. సరిగ్గా పోట్లాడాలంటే భాష రావాలి కదా అని, ఆరు నెలల్లో మా అత్త ఆ భాషలో అందరికంటే గట్టిగా మాట్లాడేదయింది.

రెండో రోజు రెండు గంటలకు నేనూ ఒక పరిశోధన పత్రం చదవాలి. రెండు గంటలకే జలపాతానికి బస్సులు. వెలుతురుండగా చూడకపోతే ఫొటోలు బాగా రావట. నా సభకు అధ్యక్షత వహించవలసినాయన కిటికీ పక్క సీటు కోసం అందరికంటే ముందు పరిగెత్తాడు. హాల్లో మిగిలింది మోకాలు సహకరించని ప్రొఫెసర్‌, శాలువాతో అత్త, డబ్బాల బ్యానర్‌ ముందు నేను. ప్రొఫెసర్‌ మర్యాదస్తుడు. తనే అధ్యక్షత వహిస్తానని లేచొచ్చి కూర్చున్నాడు.

నేను ఇరవై నిమిషాలు చదివాను. రోజూ నాలుగు భాషల మధ్య తిరిగే ఈ సరిహద్దు మనుషుల చెవులు పదునెక్కి ఉంటాయని, వాళ్లకు చైనా రాగాలు తొందరగా పట్టుబడతాయని నా వాదన. గ్రాఫులు కూడా చూపించాను. అయిపోయాక ఆయన చప్పట్లు కొట్టాడు. అత్త కూడా కొట్టింది. తర్వాత ఆయన చాలా మృదువుగా, మీ ఆధారాలన్నీ ఇక్కడినుంచి బయటికెళ్లి ఉద్యోగాలు చేస్తున్న ముగ్గురే విద్యార్థులు, ముగ్గురూ మీ విద్యార్థులే, అందరూ పాతికేళ్లలోపు వాళ్లే కదా అన్నాడు. అన్నీ నిజమే. వయసు మళ్లినవాళ్లను ఎవరినైనా పరీక్షించారా అని అడిగాడు. లేదన్నాను. ఇద్దరం ఒకేసారి సోఫావైపు చూశాం.

ఆయన కర్ర ఊనుకుంటూ వెళ్లి అత్త పక్కన కూర్చున్నాడు. అనుమతి అడిగి, ‘మా’ అని సమంగా పలికాడు. అత్త సమంగా పలికింది. గొంతు పైకి లేపి అన్నాడు, పైకి లేపింది. కిందికి దించి మళ్లీ ఎత్తాడు. నా విద్యార్థులు నెలల తరబడి ఏడ్చేది ఇక్కడే. అత్త ఆగకుండా దించి ఎత్తింది. ఆయన కాగితం అడ్డం పెట్టుకుని పెదాలు దాచి పలికాడు. వరస మార్చాడు. రెండేసి, మూడేసి మాటలు కలిపాడు. ఒకట్రెండు చోట్ల తడబడింది, అడిగి మళ్లీ చెప్పించుకుని సరిచేసుకుంది. ఆయన ముఖంలో అనుమానం పోయి ఆశ్చర్యం వచ్చింది. ఇన్నిరకాల ‘మా’లకు అర్థాలేమిటని ఆమె అడిగితే అమ్మ, నార, గుర్రం, తిట్టడం అని చెప్పాడు.

అత్త నావైపు తిరిగింది. "అమ్మకూ తిట్టుకూ ఒకటే మాటనా? మా వియ్యపురాలికి చెప్పాలె, పని తక్కువైతది."

ఎలా పట్టుకోగలిగారని ఆయన హిందీలో అడిగాడు. దాంట్లో ఏముందని ఆమె విడ్డూరంగా చూసింది. సంతకు ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు, మాట తెలియకపోయినా ఆ గొంతు పోకడ వింటే కొనేవాడో, ఊరికే అడిగి పోయేవాడో తెలిసిపోతుంది, ముందు పాట వినాలి, మాట దాని వెనకే వస్తుంది అని చెప్పింది. ఆయన జేబులోంచి పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. అంతసేపు నా గ్రాఫులు చూసినప్పుడు ఆ పుస్తకం బయటికి రాలేదు.

రాసుకోవడం అయ్యాక, ఇక తన వంతని అత్త అంది. ‘కోళ్లు’ అనమంది. ఆయన ‘కోల్లు’ అన్నాడు. నాలుక ఎక్కడ మడవాలో నోరు తెరిచి చూపించింది. మళ్లీ ‘కోల్లు’. నీళ్లు, తాళ్లు, ముళ్లు, అన్నీ అయ్యాయి. ఎర్రబడిన ముఖంతో ఆయన ఇరవైసార్లకు తక్కువ కాకుండా ప్రయత్నించాడు. చివరికి అత్త జాలిగా నాతో అంది.

"పాపం, సారు నిన్న చెప్పింది నిజమేనే బిడ్డా. వయసైనోళ్లకు రాదు."

ఆ మాటలు హిందీలోకి మార్చమని ఆయన అడిగాడు. పత్రం చదివినట్టు నాకిచ్చే సర్టిఫికెట్‌ మీద అధ్యక్షుడిగా ఆయన సంతకం ఇంకా పడలేదు. అయినా మార్చి చెప్పాను. ఆయన భుజాలు కదిలిపోయేటట్టు నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. ఏళ్లుగా నేను పుస్తకాల్లో వెతుకుతున్నది మా ఇంట్లోనే ఉంది. నిన్న ఆ మనిషినే చుట్టమని గొణిగి తప్పించుకున్నాను. సాయంత్రం చుక్కలు వేస్తూ ఆ సంగతి ఎత్తి, తప్పయిందన్నాను. "కన్ను తెరువనియ్యి, చుక్క బయట పడతాంది" అంది.

ఏడాదికి సదస్సు సంపుటి వచ్చింది. నా పత్రం స్థలాభావం వల్ల ఒక పేజీకి కుదించారు. ప్రొఫెసర్‌ వ్యాసం మాత్రం ముప్పై పేజీలుంది. పాత సిద్ధాంతం అక్కడే ఉంది, ముందు ‘చాలావరకు’ అన్న మాట మాత్రం చేరింది. అడుగున చిన్న అక్షరాల్లో, అరవై దాటిన ఒక గ్రామీణ సమాచారదాత ఇందుకు మినహాయింపు అని ఉంది. ఒళ్లు మండి ఫోన్‌ చేసి గట్టిగానే అడిగాను, పేరు ఎందుకు రాయలేదని. ఆయన వాదించలేదు. తప్పేనని ఒప్పుకుని, సరిగ్గా పనిచేద్దాం, మీ ఊరు రావచ్చా అన్నాడు.

ఎండలు ముదరకముందే బస్సులో కొంటా వచ్చాడు. రికార్డర్‌, ప్రశ్నల జాబితా, ఇద్దరికి సరిపడా నోటు పుస్తకాలు తెచ్చుకున్నాడు. అది అత్త చింతపండు గింజ తీసే కాలం. చేతులు ఖాళీగా పెట్టుకుని తన వాకిట్లో ఎవరూ కూర్చోకూడదని ఆమె నియమం. ఆయనకూ ఒక సుత్తి ఇచ్చింది. మూడు రోజులు ఆయన గింజలు కొడుతూ ప్రశ్నలడిగాడు, ఆమె గింజలు కొడుతూ జవాబులిచ్చింది. రికార్డింగుల్లో సగం సుత్తి దెబ్బలే. వాటిని వడగట్టి రాయడానికి నాకు వేసవంతా పట్టింది.

వ్యాసం పూర్తయింది. మూడు పేర్లతో పంపాం. అత్త పేరు ముందుండాలని ప్రొఫెసరే పట్టుబట్టాడు. సంస్థ పేరు రాయవలసిన చోట ఏం రాయాలో తేలక, ‘కొంటా వారపు సంత’ అని రాశాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వచ్చే నెలలో ఇంకో నగరంలో సదస్సు, మమ్మల్ని పిలిచారు. అత్తకు చెబితే తేదీ అడిగింది, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. సరిగ్గా సంతరోజే పడింది. ఆరోజు రాలేనంది. మార్చమని నిర్వాహకులకు రాసి చూశాను, వాళ్లు మార్చలేమన్నారు. ప్రొఫెసరూ నేనూ, మేమిద్దరమే వెళుతున్నాం.