తండ్రికి నేర్పే ఉద్యోగం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను తమిళనాడు విరుదునగర్‌లోని ఒక ఆసుపత్రిలో బాలింతల వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. స్టాఫ్ నర్సులకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద ఉండే పదవి అది. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళు ఉన్నాయి. అప్పుడే దుబాయి నుంచి ఒక ఉద్యోగానికి పిలుపు వచ్చింది. తొలి కాన్పు జరగబోయే ఇంట్లో ఉండి, తల్లిదండ్రులిద్దరికీ బిడ్డను చూసుకోవడం నేర్పాలి. జీతం లేని సెలవు పెట్టి వెళ్ళాలా, మానాలా అన్నది తేల్చుకోవాలి. నా పనితనానికి పై దేశంలో గిరాకీ వచ్చిందన్న గర్వంతో, మనసులో అప్పటికే పెట్టె సర్దేసుకున్నాను.

ఆ దంపతులతో ఫోనులో ఇంటర్వ్యూ బాగానే సాగింది. పాలు పట్టించడం, బొడ్డు శుభ్రం చేయడం, కామెర్లు గుర్తించడం, అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాను. చివర్లో ఆ భర్త, భార్యకు ఆపరేషన్ అవుతుంది కాబట్టి మొదటి రోజుల్లో బిడ్డను తానే ఎత్తుకోవాలని, తనకెలా నేర్పుతారని అడిగాడు. మీకెందుకండీ ఆ శ్రమ, నేనుంటాను కదా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఒక తండ్రికి నేర్పుతున్న వీడియో పంపమన్నాడు.

ఆ ఆదివారం బస్సెక్కి మా ఊరు కోవిల్‌పట్టి వచ్చాను. మా చెల్లెలి కొడుకు వెంకటేశు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాడి బిడ్డ మా వార్డులోనే పుట్టింది, ఇంకా నెల నిండలేదు. ఎత్తుకోరా అంటే వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఆస్పత్రిలో మొగోళ్ళకు ఈడేం పని అని నువ్వే గదా పెద్దమ్మా తరిమితివి? ఇంగా నేను బిడ్డను తాకనే లేదు. బయంగా ఉండాది.”

వాడన్నది నిజమే. వార్డులోకి మగవాళ్ళు రాకూడదన్నది ఆసుపత్రి నియమం. బిడ్డను గేటు దగ్గరికి తెచ్చి ఒక్కసారి తండ్రి చేతికివ్వకూడదని మాత్రం ఏ నియమమూ లేదు. అది నా సొంత పెత్తనం.

వీడియో తీయడానికి చెల్లెలు ఫోను పట్టుకుంది. మెడ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి అని చెప్పి బిడ్డనిచ్చాను. వాడి మోచెయ్యి కాస్త జారిందో లేదో, లాగేసుకున్నాను. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ లాగేసుకున్నాను. మూడోసారి చేతులైతే కట్టుకున్నాను గానీ నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను.

“కొంజెం సుమ్మా ఉండు పెద్దమ్మా, అరవాకు, బిడ్డ నిద్రపోతాండాది,” అన్నాడు వాడు గొంతు తగ్గించి.

నిజంగానే బిడ్డ వాడి ఛాతీమీద హాయిగా నిద్రపోతోంది. తర్వాత వీడియో వేసి చూస్తే, మొదటినుంచి చివరిదాకా నా కేకలే. చెల్లెలి ముందు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇన్నేళ్ళ సర్వీసులో గేటు దగ్గరినుంచి ఎందరు తండ్రులను వెనక్కి పంపానో తలుచుకునే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ వీడియో పంపలేదు. తండ్రులకు నేర్పడం నాకు రాదని, ఇంకొకరిని చూసుకోమని దుబాయివాళ్ళకు రాశాను. సోమవారం డ్యూటీకెక్కాక ఒక బాలింత భర్తను గేటు దగ్గరికి పిలిపించి బిడ్డను చేతిలో పెట్టాను. మిగిలిన సర్వీసంతా అలాగే చేశాను. ప్రతిసారీ బిడ్డను లాక్కోవడానికి నా చెయ్యి ముందుకు పోబోయేది.

ఆ సంగతి నాకు నేర్పింది ఇంతే. బిడ్డను చక్కగా ఎత్తుకోవడం వచ్చినంత మాత్రాన, ఇంకొకరి చేతిలో పెట్టి ఊరుకోవడం రాదు. అది విడిగా నేర్చుకోవలసిన పని. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను, పూర్తిగా నేర్చుకోకుండానే రిటైరయ్యాను.