నా భుజం, ఆమె ఫోను

నా భుజం మీద వేసి చూపించిన చీరలన్నీ నావే అయితే, కోరుట్లలో ఇంటికొకటి పంచినా ఇంకా మిగిలేవి. వాటిలో ఒక్కటీ నాది కాదు. పదకొండేళ్లు జగిత్యాలలోని ఒక షాపింగ్ మాల్‌లో చీరల కౌంటర్ దగ్గర నా పని అదే. ఎవరైనా రెండు చీరలు పట్టుకుని ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతే సేటు నన్ను పిలిచేవాడు. నా యూనిఫాం చీర మీదే దాన్ని చుట్టి, కుచ్చిళ్లు పోసి, కొంగు భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డానంటే ఆ చీర అమ్ముడుపోయినట్టే. గొప్పలు పోతున్నానని అనుకుంటారేమో, అనుకోండి. బొమ్మలకు కట్టిన చీరలు వారాల తరబడి అట్లాగే దుమ్ముపట్టేవి. నేను కట్టినవి ఐదు నిమిషాల్లో బిల్లు కౌంటర్‌కు వెళ్లిపోయేవి.

మాల్ తెరిచిన కొత్తలో ఆ సందడే వేరు. గొల్లపల్లి నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చేవాళ్లు. సగం మంది కొనడానికి కాదు, కదిలే మెట్లు ఎక్కడానికి. ముసలమ్మలు చెప్పులు కిందనే విడిచి దండం పెట్టుకుని ఎక్కేవాళ్లు, పైకి పోయాక "అయ్యో, నా చెప్పులు" అని గోల చేసేవాళ్లు. బతుకమ్మ ముందు పది రోజులు మాకు అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. రాత్రి కోరుట్ల బస్సు ఎక్కితే ఆడవాళ్ల ఒళ్లలో అన్నీ మా మాల్ సంచులే. చీర ఇంట్లో ఎవరికీ కనబడకపోయినా ఆ సంచి మాత్రం ఏడాదంతా వాడకట్టు మొత్తం తిరిగేది.

ఆ కొనేవాళ్లలో ఎక్కువ మంది గల్ఫ్ వాళ్ల ఇల్లాళ్లు. మొగుడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. చీర నా ఒంటి మీదికి రాగానే ఆయనకు వీడియో కాల్ చేసేవాళ్లు.

"ఇగో, గిటు సూడు. గీ పచ్చది మంచిగున్నదా, గా ఎర్రదా?"

అటు నుంచి లేబర్ క్యాంపులో ఇనుప మంచం మీద కూర్చుని ఆయన, "పచ్చదే తీస్కో, నీకు మంచిగుంటది" అనేవాడు. చూసేది నన్ను, మెచ్చేది పెళ్లాన్ని. నాకు కడుపులో మంట లేచేది. నా భర్త కూడా దుబాయిలోనే ఉన్నాడు. అక్కడికి పోయిన రెండేళ్లకు కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. కాగితాలు లేకుండా దాక్కుని దొరికిన పని చేసుకునేవాళ్లను మా దిక్కు కల్లివెల్లి అంటారు. ఆయన కల్లివెల్లి అయ్యాడు. నెలకోసారి ఎవరిదో ఫోన్‌లో, చాటుగా, రెండు నిమిషాలు మాట్లాడేవాడు. పైసలు పంపడం ఎప్పుడో ఆగిపోయింది. ఇంట్లో అత్త, చదువుకునే నా బిడ్డ, నా జీతం. అంతే. ఆ రెండు నిమిషాల్లో ఆయనకు నేను పచ్చ చీర చూపించాలా, ఎర్ర చీర చూపించాలా?

వీడియోలో మొగుడికి చీర అంచు దాకా సరిగ్గా కనబడాలంటే ఫోన్ పట్టుకునే మనిషి కావాలి. ఆ పని నాతో పాటు పనిచేసే ఆమెది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పుట్టిల్లు జగిత్యాలే, ఇచ్చింది సిరిసిల్లకు. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచినన్నాళ్లు మొగుడు అక్కడే పనిచేశాడు. అవి ఆగిపోతే బొంబాయి దిక్కు భీవండికి మగ్గాల పనికి పోయాడు, ఈమె తల్లిగారింటికి వచ్చి మా కౌంటర్‌లో చేరింది. నిజం చెప్పాలంటే ఆ పిల్లకు చీర కట్టడం రాదు. ఆమె కుచ్చిళ్లు పోస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ నోరు దేవుడు ఆమెకే ఇచ్చాడు.

"అన్నా, జర వెలుగులకు రా, కనవడ్తలెవ్వు. తిన్నవా? ఏం కూర?" అని ఎవరి మొగుడినైనా పలకరించేది. ఆ పెళ్లాలు కోపం తెచ్చుకోవాలి కదా? ఊహూ, నవ్వేవాళ్లు. పోయేటప్పుడు, "అక్కా, నీ నంబర్ ఇయ్యి, కొత్తయి రాంగనే ఫోటో పెడ్త" అని అందరి నంబర్లూ రాసుకునేది. చీర కట్టి అమ్మింది నేను. పండుగకు మిఠాయి డబ్బా తెస్తే మాత్రం ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

అయినా ఆమె తప్ప నాకు అక్కడ ఎవరున్నారు? ఇద్దరం ఒకే డబ్బాలో తినేవాళ్లం. ఒకరోజు అన్నం తింటూ అంది:

"అక్కా, మనిద్దరం కలిసి పెడ్దామా? నువ్వు కట్టు, నేను ఫోన్ల చూపిస్త. దుకాణం గికాణం ఏమద్దు."

నేను పకపకా నవ్వాను. "పిచ్చిదానా, గింత పెద్ద మాల్ ఉండంగ, చేత్తోని ముట్టకుంట ఫోన్ల చీర ఎవలు కొంటరే?"

ఆమె కూడా నవ్వి ఊరుకుంది. ఆ ఏడే మొగుడు భీవండి నుంచి తిరిగి వస్తే సిరిసిల్ల వెళ్లిపోయింది.

ఇంకో ఏడు తిరిగేసరికి మాల్‌లో మెట్లు కదలడం మానేశాయి. పాడై కాదు, కరెంటు దండగని ఆపేశారు. మూడో అంతస్తుకు తాళం వేశారు, తర్వాత రెండోదానికి. పైనున్న బొమ్మల బట్టలు విప్పి మెట్ల కింద ఒకదాని మీద ఒకటి పేర్చారు. ముప్పై మంది ఆడవాళ్లం ఆరుగురం అయ్యాం. వచ్చినవాళ్లు చీర ముట్టి చూసి, ధర చీటీని ఫోటో తీసుకుని, "మల్లొస్తం" అని పోయేవాళ్లు. మళ్లీ వచ్చింది లేదు. బతుకమ్మ మొదలయ్యే పెద్దల అమావాస్యకు ముందు కూడా మేము ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం.

వాళ్లంతా ఎక్కడికి పోతున్నారో నాకు తెలుసు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఆడవాళ్లు అన్నాలు తిని నడుం వాల్చే వేళకు, సిరిసిల్ల నుంచి ఆమె ఫోన్‌లో లైవ్ పెడుతుంది. నేను ఖాళీ కౌంటర్ వెనక కూర్చుని రోజూ చూసేదాన్ని. చూడకూడదని ఒట్టు పెట్టుకుని మరీ చూసేదాన్ని. "కోరుట్ల అక్కా, మంచిగున్నవా? మస్కట్ బావ ఎట్లున్నడు?" అని పేరుపేరునా పలకరించేది. ఆ అక్కలందరూ నా భుజం మీద చీర చూసి కొన్నవాళ్లే! కుచ్చిళ్లు అప్పటిలాగే వంకర. ఒక్కరూ పట్టించుకోరు. "నాకు రెండు", "నాకు అదే రంగు" అని రాస్తూనే ఉండేవాళ్లు. కళ్లలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నేను ఆ తెర ముందు కూర్చుని నేర్చుకున్నాను.

బతుకమ్మ ఇంకా వారం ఉందనగా సేటు, పండుగ దాకా చూసి ఇద్దరినే ఉంచుతానని చెప్పాడు. ఆ రోజు రెండు గంటలకు ఆమె ముదురు నీలం చీర చూపిస్తోంది. నా దగ్గర పాత సిమ్ ఒకటి ఉండేది. దాంతో కొత్త ఖాతా తెరిచి, ఫోటో చోట ఒక గులాబీ పువ్వు పెట్టి, రాశాను:

"గీ చీర కొన్న. ఒక్కసారి ఉతికితె రంగంత పోయింది. మోసం."

నేను ఆ చీర కొనలేదు, ఉతకలేదు, ముట్టుకోనైనా లేదు. అయినా రాశాను. ఆమెకు వచ్చినవన్నీ పైకి చదవడం అలవాటు. గడగడా చదువుతూ "మోసం" దగ్గర ఆగిపోయింది. ఆ మొహం చూసి నాకు సంతోషమైంది. అబద్ధమెందుకు, మంచినీళ్లు తాగినంత హాయిగా అనిపించింది. తర్వాత కింద వరసగా "అవునా?", "నాది వద్దు", "నాది క్యాన్సల్". ఆమె ఫోన్ ఆపేసింది.

ఆ పండుగకు ఆమె బేరం సగానికి సగం పడిపోయిందని తర్వాత తెలిసింది. మా మాల్‌కు మాత్రం ఒక్క మనిషీ ఎక్కువ రాలేదు. దసరా అయిన నెలకు సేటు ఆ ఇద్దరినీ ఉంచలేదు, షట్టర్ దించేశాడు.

రెండు నెలలు పని కోసం తిరిగాను. ఎక్కడికి పోయినా "వయసెంత?" అని అడిగేవాళ్లే. బియ్యం డబ్బా అడుగు కనబడిన రోజు సిగ్గు చంపుకుని ఆమెకు ఫోన్ చేశాను.

"రా అక్కా! గింత ఆలోచన ఏంది? మా ఇంట్లనే ఉందువు."

వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరాను. ఒకప్పుడు సాంచెలు నడిచిన ముందు గదిలో ఇప్పుడు నడుం ఎత్తున చీరలు. గుండ్రని లైటు, ఫోన్‌కు స్టాండు. ఇంత జాగా, ఇంత వెలుగు ఈ పిల్లకా అని మళ్లీ కుళ్లుకున్నాను. ఆమె నా సంచి అందుకుని టీ పెట్టింది. టీ తాగుతూ చెప్పింది:

"నిజం చెప్తున్న అక్కా, గీ పనికి మా యారాల్నే పెట్టుకుందామనుకున్న. మంచి ఒడ్డు పొడుగు మనిషి. గని అది నా లైవ్‌ల గిట్ల గిట్ల రాసింది. దాని ఫోన్‌ల గులాబీ పువ్వే ఉంటది. అంతకుముందే బేరంల వాటా అడిగితే ఇయ్యనన్న, ఆ కోపం."

యారాలంటే తోడికోడలు, మొగుడి అన్న పెళ్లాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. ఆమె గమనించలేదు.

సోమవారం నుంచి శనివారం దాకా ఆమె ఇంట్లో, ఆదివారం కోరుట్లలో. అట్లా మూడు నెలలు గడిచాయి. నేను కడుతున్నాను, ఆమె చూపిస్తోంది. ప్రతి లైవ్ మొదట్లో బకెట్ నీళ్లు పెట్టి చీర అంచు ముంచి పిండి చూపించేది, రంగు పోదని. నేను రాసిన రాత వల్లే ఆ బకెట్ వచ్చింది. దాన్ని చూసి జనం ఇంకా ఎక్కువ కొనడం మొదలుపెట్టారు. ఇదీ నా ఏడుపు ఫలితం. అయినా వారం వారం నా చేతికి జీతం వచ్చేది, బిడ్డ ఫీజు కట్టాను.

ఒక మంగళవారం, లైవ్‌కు పావుగంట ముందు ఆ తోడికోడలు గడపలోకి వచ్చింది. నా అంత వయసే. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు నల్లబడ్డాయి.

"మీ బావ నిన్న భీవండి పోయిండు. ఇంట్ల ఏం లేదు. ఏదన్న పని ఉంటె ఇయ్యి."

"నా బేరం కరాబు చేసి మల్ల నా గడపకే అచ్చినవా?"

"నా పిల్లల మీద ఒట్టు, నేను రాయలే. గులాబీ పువ్వు ఊర్ల అందరు పెట్టుకుంటరు. నీ మీద గట్ల ఎందుకు రాస్తనే?"

నేను చీర సగం కట్టుకుని ఉన్నాను. లైవ్ పెట్టే పిల్ల నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పక్కా. బయటోళ్లకు నా మీద ఏం పగ ఉంటది? ఇంటోళ్లు కాకుంటె ఎవలు రాస్తరు?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నోటిదాకా వచ్చింది. చెబితే ఈ చీర విప్పి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాలి. కోరుట్లలో బిడ్డ పరీక్షలు ఇంకా నెల ఉన్నాయి.

"నాకేం ఎరుక చెల్లె? మీ ఇంటి ముచ్చట, మీరే సూస్కోండ్రి."

తోడికోడలు వెనక్కి తిరిగింది. కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది. ఈమె చీరల మీదే కూలబడి ఏడ్చింది.

"పెండ్లయి అచ్చిన కాడి నుంచి ఒక్క కంచంల తిన్నం అక్కా. మా అత్త తిడ్తే నాకు అడ్డం నిలవడేది."

నేను సిగ్గుతో చావాలి. సిగ్గుపడ్డాను కూడా. కానీ ఒట్టేసి చెబుతున్నాను, అప్పుడు కూడా ఆ తోడికోడలంటే నాకు కుళ్లే పుట్టింది. మాల్‌లో మేము కూడా ఒక్క డబ్బాలోనే తిన్నాం కదా, నా కోసం ఈమె ఎన్నడైనా ఇట్లా ఏడ్చిందా?

అప్పుడే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గిప్పుడు నాకు నువ్వే ఉన్నవ్ అక్కా."

నా మొగుడు కూడా నాతో ఆ మాట అనలేదు. ఇన్నేళ్ల నా ఏడుపంతా ఆ ఒక్క మాట కోసమేనని అప్పుడే తెలిసింది.

రెండయింది. ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది. నేను మిగిలిన కుచ్చిళ్లు పోసుకుని కొంగు భుజాన వేసుకున్నాను. కిటికీలోంచి తోడికోడలు కనబడుతూనే ఉంది, ఇంకా సందు మలుపు దాటలేదు. పిలిస్తే వినబడేంత దూరమే. నేను పిలవలేదు.