మిషన్లు ఆగే పది నిమిషాలు

మా ఇంటి మీది రూముల వార్తలు మొదలైననాడు నేను అడిగిన మొదటి మాట, "గా లైట్లు ఎంత కరెంటు తాగుతయి?" అని. ఆ మాట ఎందుకు చెప్తున్ననో ముందుకు పోతే మీకే తెలుస్తది.

తాండూరుల మా గల్లి పొడుగునా బండలు నునుపు చేసే పాలిషింగ్ మిషన్లే. పొద్దున మొదలైతే రాత్రి ఎనిమిది దాక గరగరమంటనే ఉంటయి. రాతి దుమ్ము కూరల పడకుండ గిన్నె గిన్నెకు మూతలు పెట్టుకొని బతికినోళ్లం. గసొంటి గల్లిల వార్తలు చదివే రూము పెట్టాలని ఎవరికి పుడతది? పెండ్లి వీడియోలు తీసుకుంట ఊరికి కేబుల్ గుంజినాయనకు పుట్టింది. కిరాయి తక్కువని మా మీది రూము తీసుకున్నడు. గోడకు నీలం పర్దా కట్టిండు. ఒక బల్ల, ఒక కుర్చీ, పెండ్లిళ్లల్ల వాడే రెండు ఫోకస్ లైట్లు. గంతే. కరెంటు మీటరు మాత్రం మాదే. ఒక అట్టముక్క మీద "న్యూస్ డిపార్ట్‌మెంట్" అని రాసి తలుపుకు వేలాడేసిండు.

"డిపార్ట్‌మెంటంటే ఎంతమంది తమ్మీ?" అన్న.

"ఇప్పటికైతే నేనొక్కన్నే అక్కా. చదివేటోళ్లు దొరికితే ఇద్దరం."

దొరికింది నా బిడ్డనే. ఇంటర్ అయిపోయి ఇంట్ల ఉండె. గొంతు గట్టిది. మిషన్ల నడుమ పుట్టి పెరిగిన పిల్ల, మెల్లగ మాట్లాడితే మా ఇంట్ల ఎవరికి ఇనబడదు. నేను వద్దనలేదు. ఒక్క షరతు పెట్టిన. చదివే ముందు నాకు చదివి ఇనిపియ్యాలె. నేను మూడో తరగతిల బడి ఇడిసినదాన్ని. నాకు అర్థమైతే ఊర్ల అందరికి అర్థమైనట్టే. "నీటి సరఫరా నిలిపివేయబడును" అని రాసుకొని వస్తే, "నల్లా రాదు అని చెప్పవే, నోరు అరుగుతదా?" అంటుంటి. గట్ల జీతం లేని పెద్దకొలువు నాకు దొరికింది.

మిషన్ల చప్పుడుకు ఉపాయం ఏందంటే, ఒంటిగంటకు పనోళ్లు బువ్వకు కూసుంటరు. ఆ గంటసేపు గల్లి సల్లబడతది. అప్పుడే వార్తలు చదివి క్యాసెట్‌ల ఎక్కియ్యాలె. దానికి నకలుగ ఇంకో క్యాసెట్ తీసి, నాలుగున్నర బస్సుల డ్రైవర్ చేతికిచ్చి కొడంగల్ పంపేది. రెండు ఊర్లల్ల ఏడు గంటలకు వేసేది. ఒంటిగంట తర్వాత ఏం జరిగినా తెల్లారి వార్తలల్లనే. "మీ టీవీల పగటీలే పొద్దుగూకుతది" అని గల్లోళ్లు నవ్వుతుండిరి. నవ్వనీ అనుకున్న.

గట్ల నడుస్తుంటె కందుల కాలం వచ్చింది. మార్కెట్ యార్డుకు ఏ రోజు సరుకు తేవచ్చునో బిడ్డ అడిగి రాసుకొని చెప్తుండె. ఒకనాడు గట్లనే, "రేపు యార్డుల కందులు కొంటరు, రైతులు తెచ్చుకోవచ్చు" అని చదివింది. క్యాసెట్లు తయారైనయి. గంట నాలుగు గాలేదు, కింద నా ఇంట్ల ఫోన్ మోగింది. యార్డుల బస్తాలు మోసే హమాలీల మేస్త్రి.

"అమ్మా, రేపు మేం బస్తా ముట్టం. పని బంద్. జర టీవీల చెప్పుండ్రి."

"చెప్తం" అని ఫోన్ పెట్టేసిన.

మెట్ల దాక పోయిన. మీద బిడ్డ వైర్లు చుడుతుంది. మిషన్లు నడుస్తున్నయి. ఆ ఒక్క మాట మార్చాలంటే షెడ్డు షెడ్డుకు పోయి మిషన్లు ఆపియ్యాలె, మళ్ల లైట్లు ఎలిగియ్యాలె. బంద్ సంగతి పొద్దుగాల ఎవరి నోట్నన్న తెలుస్తదిలే అనుకున్న. మెట్ల కాడికెళ్లి మళ్లిన. బిడ్డకు చెప్పలేదు.

తెల్లారేసరికి మా వాకిట్ల పదిమంది. కొడంగల్ దిక్కు రైతులు. యార్డు గేటు ముంగట బస్తాలు దించుకొని, మోసేటోళ్లు లేక, టీవీల చదివే పిల్ల ఇల్లు అడుక్కుంట వచ్చిండ్రు. మొగులు నల్లగ పట్టింది. ఒక ఆడామె ముందుకొచ్చి బిడ్డనడిగింది.

"నీ మాట నమ్మి ట్రాక్టర్ మాట్లాడుకొని వచ్చిన బిడ్డా. గా మొగులు చూడు. నా కందులు తడిస్తే ఎవరు కొంటరు?"

"యార్డు ఆఫీసుల చెప్పిందే చదివిన అమ్మా."

"ఆఫీసోళ్ల మొకం మేం చూడలె. నీ మొకం చూసినం."

కేబులాయన గూడ వచ్చిండు. రైతులను చూసి గాబరపడి పైకి పోయి అట్టముక్క తెంపిండు. "ఇగ వార్తలు బంద్ అక్కా. పాటలేస్తే ఎవడూ ఇంటి మీదికి రాడు." బిడ్డ నీలం పర్దా ఇప్పి మడతపెట్టుకుంట నన్ను చూసింది.

"నేను అడిగే రాసుకున్న కదనే అమ్మా. ఎక్కడ తప్పిన?"

ఊకుంటే ఊకోవచ్చు. ఫోన్ సంగతి మేస్త్రికి, నాకు తప్ప ఎవరికి తెల్వదు. కానీ ఆ పిల్ల జీవితాంతం తన చెవులను తనే నమ్మకుండ బతుకుతది.

"నువ్వు తప్పలె. సాయంత్రం ఫోన్ వచ్చింది. నేనే చెప్పలె."

"ఎందుకు?"

"లైట్లు మళ్ల ఎలిగియ్యాలెనని."

నన్ను తిడుతదనుకున్న. తిట్టలె. "ముందు కందులు లోపట పెట్టియ్యి. తర్వాత మాట్లాడుదం" అన్నది. అచ్చం నా లెక్కనే అన్నది.

పాలిషింగ్ షెడ్ల ఓనర్ల కాడికి పోయిన. "బండలు తడిస్తే ఏం గాదు, కందులు తడిస్తే ఖరాబైతయి. జాగియ్యుండ్రి" అన్న. ఇచ్చిండ్రు. బస్తాలు ట్రాక్టర్లల్ల ఎక్కిచ్చుకొని గల్లికి తెచ్చినం. రైతులు, పాలిష్ కూలీలు, మా గల్లి ఆడోళ్లు అందరు మోసిండ్రు. చూడనీకి వచ్చిన హమాలీ మేస్త్రి కొంచెంసేపు చేతులు కట్టుకొని నిలబడ్డడు.

"బంద్ అంటివి గద!" అని ఎవరో ఎక్కిరిచ్చిండ్రు.

"బంద్ యార్డుల. గీడ గాదు" అని తువ్వాల తలకు చుట్టి బస్తా ఎత్తిండు. అందరు నవ్విండ్రు. ఆఖరి బస్తా లోపటికి పోయినంక వాన దంచింది.

అప్పుడు బిడ్డ నా దిక్కు తిరిగింది. "ఏడు గంటలకు నువ్వు చెప్పాలె. క్యాసెట్‌ల గాదు, నేరుగ. నువ్వు చెప్తేనే నేను చదువుత. లేకుంటే ఆయనను పాటలేసుకోమను."

కేబులాయన తల గోక్కొని, వైరు నేరుగ కలపొచ్చు అన్నడు. "మరి గీ మిషన్లు?"

నేనే షెడ్డు షెడ్డుకు పోయిన. పది నిమిషాలు ఆపుమన్న. ఒకాయన ఎకసెక్కెం చేసిండు. "నీ మాటకు మిషన్ ఆగుతదా అమ్మా?"

"నా మాటకు గాదు. నీ షెడ్ల బస్తాలు పెట్టుకున్నోళ్ల కోసం ఆపు."

ఏడింటికి గల్లి గల్లంత ఆగింది. నా చెవులల్ల నా ఊపిరే ఇనబడ్డది. ఆ లైట్ల ముందు కూసుంటే మొకం కాలుతదని అప్పుడే తెలిసింది. ఇన్నొద్దులు నా బిడ్డ గా వేడిలనే కూసున్నది. నేను కరెంటు మీటరు చూసిన గని ఆమె మొకం చూడలె.

"యార్డుల పని బంద్ అని నిన్న నాలుగింటికి నాకు ఫోన్ వచ్చింది. నేను చెప్పలేదు. తప్పు నాది. చదివిన పిల్లది గాదు" అన్న. బిడ్డ నన్ను లేపి తను కూసున్నది. మేస్త్రి తలుపు కాడ నిలబడి ఏదో అన్నడు. ఆమె అడిగి, మళ్ల అడిగి, "రేపు హమాలీలు పనికి వస్తున్నరు" అని చదివింది.

నేను చెప్పింది ఎక్కిచ్చిన క్యాసెట్ తెల్లారి కొడంగల్ బస్సెక్కింది.

ఆనాటి నుంచి గల్లిల ఏడింటికి పది నిమిషాలు మిషన్లు ఆపుడు అలవాటైంది. ముందు నిన్నటి తప్పు, తర్వాత ఈనాటి వార్త, గదే వరుస. అట్టముక్క మళ్ల తలుపెక్కింది.

ఇప్పుడు కేబుల్ చూసేటోళ్లు తక్కువైండ్రు, వార్తలన్ని ఫోన్‌లకు పోయినయి. ఇప్పుడు వార్తలు నడిపేది నా బిడ్డనే; జిల్లా ఆఫీసులు వికారాబాద్‌ల పడ్డంక రూము ఆడికి మార్చింది. అదే అట్టముక్క, అంచులు అరిగిపోయినయి. చదవనీకి ఇద్దరు ఆడపిల్లలున్నరు. మొన్న చూసొద్దామని పోయిన. వార్తలు చదివి ఎక్కిచ్చుడు అయిపోయింది, లైట్లు ఆర్పిండ్రు. ఏడుకు ఇంక పావుగంట ఉన్నది. ఫోన్ మోగింది. పరిగి దిక్కు ఒక ఊరి బస్సు, బడి పిల్లలు ఎక్కే బస్సు, రేపు పొద్దున అర్ధగంట ముందే పోతదట.

"అంతా అయిపోయింది గద మేడం. రేపు చెప్దమా?" అన్నది చదివే పిల్ల.

నా బిడ్డ నా దిక్కు చూసింది.

నేనే లేచి లైట్లు వేసిన.