నర్సమ్మ కారులో కరెంటు తాగే దయ్యం

దయ్యాలు లేవని మా ఉస్తాదు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. విన్నవాడు బాగుపడతాడు. నేను వినలేదు గనక, ఫలక్‌నుమాలో బయల్దేరిన నా పరువు జల్‌పల్లి చేరేసరికి ఎలా మంటగలిసిందో మీకు చెప్పుకోవలసి వస్తోంది. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

డెబ్బైల నాటి మాట. రహీం ఉస్తాదు దగ్గర మూడేళ్ళు కార్ల కరెంటు పని నేర్చుకుని, ఇక నాకు రానిది లేదనుకుని, ఫలక్‌నుమాలో సొంతంగా డబ్బా కొట్టు పెట్టాను. మొదటి బేరం మరియమ్మగారి నల్లకారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి కాన్పులు చేసే నర్సు. ఆమెతో పనిచేసిన ముసలి డాక్టరు పోతూ పోతూ ఆ కారు ఆమెకిచ్చాడు. అక్కడే వచ్చింది చిక్కు. రోజూ తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉండేది. చీకటి పడ్డాక డాక్టరు దయ్యమై వచ్చి కారు తోలుకుపోతున్నాడని గల్లీ అంతా నమ్మేసింది.

"జల్‌పల్లిల ఒక పిల్లకు నెలలు నిండినయి. ఎదురుకాళ్ళ బిడ్డ. పిలుపొచ్చిన గడియల నేను పోకుంటే తల్లి దక్కది," అంది మరియమ్మగారు. "తోలేది డాక్టరయ్యనో ఇంకెవరో, నాకు బండి కదలాలె బిడ్డా."

బ్యాటరీ విప్పి కొట్టులో పెడితే మూడు రోజులైనా నిండుగా ఉంది. కారులో పెడితే ఒక్క రాత్రికి ఖాళీ. ఆసిడ్ చూశాను, డైనమో చూశాను. అన్నీ బాగున్నాయి. చివరికి ఆమె ఇంటి ముందే ఉస్తాదు నేర్పిన పరీక్ష పెట్టాను. బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, మధ్యలో చిన్న బల్బు కలపడం. కారులో అన్నీ ఆర్పి ఉంటే అది వెలగకూడదు. తాళంచెవి ఇంట్లో మరియమ్మగారి దగ్గరుంది. లైట్లన్నీ ఆర్పే ఉన్నాయి. బల్బు మాత్రం పిల్లికన్నులా ఎర్రగా వెలిగింది.

అంటే ఆ ఖాళీ కారులో ఎవరో కూర్చుని కరెంటు తాగుతున్నారు. మబ్బు పట్టిన సాయంత్రం, గల్లీలో కుక్క కూడా లేదు. నాకు నిజంగానే భయం వేసింది. డ్రైవరు సీటు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అంతకుముందు పావుగంట దాని మీద కూర్చున్నది నేనేనని తట్టలేదు.

ఇంతలో డిక్కీ గుర్తొచ్చింది. మూత తీస్తే లోపల లైటు వెలుగుతుంది, మూస్తే ఆరాలి. ఆరుతోందో లేదో బయటివాడికి ఎలా తెలుస్తుంది? నా బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే. తీగ మళ్ళీ బిగించి, బానెట్ దించి, డిక్కీలో దూరి, మూత నా మీదికి నేనే లాక్కున్నాను. టక్కుమని పడింది.

లైటు ఆరలేదు. దొంగ దొరికిందని సంబరంగా మూత తోశాను. కదల్లేదు. లోపల పిడి లేదు. పక్కకు తిరిగితే, తెల్లగుడ్డలో చుట్టిన పసికందు నా మొహం పక్కనే కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఊపిరి లేదు. నాకూ ఆగిపోయింది. అంతలో కారు స్టార్టయి ఒక్క కుదుపు కుదిపింది. ఆ పాప కళ్ళు తెరిచింది.

జల్‌పల్లి నుంచి పిలుపొచ్చిందట. బానెట్ దించి ఉండటం చూసి, పని ముగించి పోయాననుకుని మరియమ్మగారు బండి తీసిందట. అదంతా తర్వాత తెలిసింది. అప్పటికి నేను చేసింది ఒక్కటే, అరవడం. అరిచినకొద్దీ బండి వేగం పెరిగింది. ముందునుంచి ఆమె గొంతు వినబడింది, మెల్లగా, బతిమాలుతున్నట్టు.

"డాక్టరయ్యా, జర ఓపిక పట్టు. ఈ ఒక్క కాన్పు కానియ్యి. నీకు ప్రార్థన చేపిస్త."

గుంత వచ్చినప్పుడల్లా ఆ పాప దొర్లి నా ఛాతీ మీదికెక్కి, కళ్ళు మూసి తెరిచేది. ఆంజనేయస్వామితో మొదలుపెట్టి, ఉస్తాదు పిలిచే అల్లా, మరియమ్మగారి యేసు దాకా అందరికీ మొక్కాను.

జల్‌పల్లిలో ఆమె దిగి లోపలికి పరుగెత్తింది. అరుస్తున్న డిక్కీ చుట్టూ జనం మూగారు గానీ ఒక్కరూ చెయ్యి వేయలేదు. చాలాసేపటికి ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. తల్లీబిడ్డా క్షేమమని ఎవరో అన్నారు. ఆ భయంలోనూ నా ప్రాణం కుదుటపడింది.

మరియమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, సిలువ గుర్తు వేసుకుని మూత ఎత్తింది. కాళ్ళు ముందుగా జారి, ఏడుస్తూ, నేను బయటపడ్డాను. చేతుల్లో పాప అలాగే ఉంది. మంత్రసానులకు పని నేర్పడానికి ఆమె పెట్టుకున్న, పడుకోబెడితే కళ్ళు మూసే రబ్బరు బొమ్మ అది. ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసి, జనం వైపు తిరిగింది.

"ఇయ్యాల రెండూ ఎదురుకాళ్ళే వచ్చినయి. ఏడుస్తున్నడు గద, బతుకుతడు."

ఉస్తాదు అంతా విని నవ్వలేదు. "డిక్కీ మూసి, చాయ్ తాగొచ్చి, తెరిచి బల్బు ముట్టుకోవాలె బేటా. వేడిగుంటే ఆరలేదని. దూరుడెందుకు?" అన్నాడు.

ఆ క్షణాన చెవులు పట్టుకుని ఒట్టు వేశాను. ఇకమీదట పడుకుని ప్రయాణమంటూ చేస్తే నలుగురి భుజాల మీదే. అదీ మరియమ్మగారు నాడి చూసి, నేను నిజంగా పోయానని చెప్పాకే.